మాల తీసిన సాయంత్రమే మళ్లీ సిగరెట్టు: మానాలనే మనసు, తాగాలనే మనసు

#1 పుత్తూరు_మగ్గం

కార్తీకం వస్తే మన తిరుపతి, పుత్తూరు, నగరి పక్క ఏ వీధిలో చూసినా నల్లబట్టల స్వాములే. వాళ్లలో రోజుకు పెట్టెడు సిగరెట్లు తాగేవాళ్లూ ఉంటారు. మెడలో మాల పడిన పొద్దుటి నుంచి మండలం పూర్తయ్యేదాకా, 41 రోజులు, ఒక్కటి ముట్టరు. పక్కన ఎవరన్నా పొగ వదిలితే రెండడుగులు జరుగుతారు, అంతే. శబరిమల పోయొచ్చి మాల తీసిన సాయంత్రం చూస్తే, అదే మనిషి అదే బంకు కాడ, కమ్మీకి వేలాడే కొబ్బరితాడు నిప్పుతో సిగరెట్టు ముట్టించుకుంటా ఉంటాడు.

నా ప్రశ్నలు రెండు. 41 రోజులు లేకుండా ఉన్నోడికి 42వ రోజు ఏమొచ్చింది? రెండోది, ఇదే మనిషి "మానాలని ఉంది" అని నిజంగానే అంటాడు. అది అబద్ధమా? అబద్ధం కాకపోతే అరగంటకే ఎట్ల తాగుతాడు?

ఈ లోపలి కొట్లాట ఏందో, ఎట్ల తీర్చుకోవాలో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "మనసు గట్టి చేసుకో" అనే మాట మాత్రం వద్దు.

#2 మనసు_పని

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. అబద్ధం కాదు. ఒకే మనిషిలో రెండు కోరికలూ నిజమే.

మానాలనేది ఆలోచించి పుట్టిన కోరిక. పిల్లల్ని, జేబును, దగ్గును చూసి పుడుతుంది. రాత్రి పక్క మీద ఒళ్లు వాల్చినప్పుడు బలంగా ఉంటుంది. తాగాలనేది ఆలోచనలో పుట్టదు. ఒక వేళకు, ఒక చోటుకు, ఒక పనికి అతుక్కుని ఉంటుంది. పొద్దున టీ గ్లాసు చేతికి వచ్చేసరికి అది ముందే లేచి కూర్చుంటుంది. రాత్రి ఒట్టు పెట్టుకున్న మనిషి పొద్దున తప్పేది ఇందుకే. ఇంట్లోవాళ్లు దాన్ని మోసం అనుకుంటారు. తానూ "నేను మాట మీద నిలబడే మనిషిని కాను" అనుకుంటాడు. పొగ చేసే నష్టం కంటే ముందు ఈ నమ్మకం మనిషిని దెబ్బతీస్తుంది, ఎందుకంటే తర్వాతి ప్రయత్నాన్ని ఇదే ఆపేస్తుంది.

ఇంకో సంగతి. మెదడులో "కావాలి" అనిపించే వ్యవస్థ వేరు, "బాగుంది" అనిపించేది వేరు. రాబిన్సన్, బెరిడ్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1993లో ఈ తేడాను వ్యసనాలకు అన్వయించి చెప్పారు. వ్యసనం ముదిరేకొద్దీ "కావాలి" పెరుగుతుంది, "బాగుంది" పెరగదు. ఏళ్ల తరబడి తాగేవాళ్లను అడిగి చూడండి, రోజు మొత్తంలో నిజంగా రుచించినవి ఎన్ని అని. రెండో మూడో అంటారు. మిగతావి బాగుంటాయని తాగినవి కావు, లేకపోతే బాగుండదని తాగినవి. కాబట్టి "ఇష్టం లేదంటాడు, మళ్లీ తాగుతాడు" అన్నదాంట్లో వైరుధ్యమేమీ లేదు.

ఈ రెండింటి మధ్య ఉన్నవాడికి ఊపిరాడదు. చెడ్డదని తెలుసు, చేస్తూ ఉన్నాడు. లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త 1957లో దీన్ని వివరించినప్పుడు ఉదాహరణగా తీసుకున్నది పొగతాగే మనిషినే. పని మార్చుకోలేనప్పుడు మనిషి ఆలోచనను మార్చుకుంటాడు. "మా తాత చుట్ట తాగి తొంభై ఏళ్లు బతికినాడు", "ఫిల్టరుదే కదా", "టెన్షన్‌తో పోయేకంటే ఇదే నయం". ఇవి తెలివితక్కువ మాటలు కావు, పుండు మీద వేసుకున్న కట్లు. పీకితే గట్టిగా పట్టుకుంటారు.

#3 మందుల_చీటీ

శరీరం లెక్క నేను చెప్తా. ఇది తెలియకపోతే ఏది మనసు గోల, ఏది నికోటిన్ గోల అన్నది విడదీయలేం.

పొగ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. ఇంత వేగం ఉంది కాబట్టే వేలి కదలికకు, ఊరటకు మధ్య అంత గట్టి ముడి పడేది. రక్తంలో సుమారు 2 గంటలకు సగం అయిపోతుంది. రాత్రంతా నిద్రపోతే తెల్లారేసరికి దాదాపు ఖాళీ. అందుకే పొద్దుటిది అన్నిటికంటే మొండిది.

మానేసినాక చిరాకు, దిగులు, ఏకాగ్రత కుదరకపోవడం, ఆకలి, నిద్ర చెడడం మొదటి రోజే మొదలై, 2, 3 రోజులకు తారస్థాయికి పోతాయి. తర్వాత 2 నుంచి 4 వారాల్లో చాలామందికి తగ్గిపోతాయి. ఆకలి ఇంకొన్నాళ్లు ఉంటుంది. నికోటిన్ వల్ల మెదడులో ఎక్కువైన గ్రాహకాలు (నికోటిన్ వచ్చి అతుక్కునే చోట్లు) మామూలు సంఖ్యకు వచ్చేదానికి సుమారు 6 నుంచి 12 వారాలు.

ఇప్పుడు మగ్గం అన్న మొదటి ప్రశ్న చూడండి. 41 రోజులంటే దాదాపు 6 వారాలు. ఆ సాయంత్రం బంకు కాడ నిలబడిన మనిషి ఒంట్లో నికోటిన్ లేదు, మానినాక వచ్చే ఆ బాధలు (విత్‌డ్రాయల్) కూడా అయిపోయినాయి. అన్నిటికంటే కష్టమైన దారి నడిచేసినాడు. కాబట్టి అతన్ని వెనక్కి లాగింది నికోటిన్ కాదు.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. పొగలోని తారు వల్ల కాలేయంలో ఒక ఎంజైము జోరుగా పనిచేస్తా ఉంటుంది. కెఫీన్‌ను విరగ్గొట్టేది అదే. పొగ ఆపితే కొద్ది రోజుల్లో అది నెమ్మదిస్తుంది, అదే కాఫీకి రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. గుండె దడ, చేతులు వణుకు, రాత్రి ఒంటిగంటకు కూడా కళ్లు మూతపడకపోవడం... "సిగరెట్టు లేక చచ్చిపోతున్నా" అనుకుంటారు. సగం దోషం ఫిల్టర్ కాఫీది. మానే రోజు నుంచే కాఫీ, టీ సగానికి తగ్గించండి, మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. సిగరెట్టుకు బదులు నికోటిన్ ఇచ్చే గమ్ (నమిలేది), ప్యాచ్ (చర్మానికి అంటించేది) వాడినా ఇది వర్తిస్తుంది, ఎందుకంటే ఆ పని చేసేది తారు, నికోటిన్ కాదు. ఇదే కారణంగా థియోఫిలిన్ (ఉబ్బసం మందు), క్లోజపిన్, ఓలాంజపిన్ (మానసిక జబ్బుల మందులు) వాడేవాళ్లు మానే ముందు డాక్టరుకు చెప్పాలి, మోతాదు మార్చాల్సి రావచ్చు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు షుగరు తరచుగా చూసుకోవాలి.

#4 కట్టమంచి_చెరువుగట్టు

ఇంత విడమర్చేది ఎందుకబ్బా? మాల వేసినోడు ఎంజైము చూసుకునే మానినాడా? దేవుడి మీద భక్తి, భయం. గట్టిగా అనుకున్నాడు, మానినాడు. తీసినాక ఆ గట్టితనం పోయింది. అంతే కదా.

#5 మనసు_పని

అన్నా, భక్తి కారణం కాదని నేను అనను. అదే పునాది. కానీ ఆ భక్తి గాల్లో నిలబడలేదు, ఒక ఏర్పాటు మీద నిలబడింది. దాన్ని విప్పి చూస్తే మనకు పనికొచ్చేవి దొరుకుతాయి.

మాలకు తేదీ ముందే తెలుసు. గురుస్వామి చేతుల మీదుగా, పదిమంది ముందర పడుతుంది. ఆ రోజు నుంచి పిలుపే మారుతుంది, చిన్నపిల్లలు కూడా "స్వామీ" అంటారు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, పూజ, సాయంత్రం మళ్లీ స్నానం, భజన, నేల మీద పడక. సిగరెట్టు అతుక్కున్న వేళలన్నీ వేరే పనితో నిండిపోతాయి. మద్యం లేదు. సిగరెట్టుకు మద్యంకంటే పెద్ద తోడు లేదు, తప్పినవాళ్ల కథల్లో సగం గ్లాసు పక్కనే మొదలవుతాయి. స్నేహితుడు పెట్టె చాపడు. బంకువాడు అడిగినా ఇవ్వడానికి జంకుతాడు.

వీటన్నిటికంటే ముఖ్యం, ప్రశ్న మూసేసి ఉంటుంది. మామూలు రోజుల్లో మానాలనుకునే మనిషి లోపల "ఇప్పుడొకటి తాగనా, వద్దా" అని రోజుకు ఇరవై పంచాయితీలు జరుగుతాయి. పందొమ్మిది గెలిచినా ఒకటి ఓడితే చాలు. మాలలో ఆ పంచాయితీకి పిలుపే లేదు. పిలుపు లేకపోతే కోరిక కూడా తగ్గుతుందని గట్టి ఆధారం ఉంది. ఇజ్రాయెల్‌లో రూవెన్ దార్ అనే పరిశోధకుడి బృందం సబ్బాతు (వారానికొక విశ్రాంతి దినం) నాడు నిప్పు ముట్టని యూదుల్ని పరిశీలించి 2005లో, విమాన సిబ్బందిని పరిశీలించి 2010లో ప్రచురించింది. ప్రయాణం చిన్నదైనా పెద్దదైనా, సిబ్బందికి కోరిక పెరిగింది విమానం దిగే వేళకే. ఎన్ని గంటలు తాగలేదన్నదాని కంటే, ఎప్పుడు తాగొచ్చన్నదే కోరికను ఆడించింది.

ఇక మాల దగ్గరికి రండి. వేసిన రోజే లోపలున్న తాగాలనే మనసుకు ఒక మాట ఇచ్చేశారు: "41 రోజులు ఓపిక పట్టు." అది ఓడిపోలేదు, లెక్కపెట్టుకుంటూ ఎదురుచూసింది. మాల తీయగానే తేదీ, పిలుపు, స్నానం, సావాసం, మూసిన ప్రశ్న అన్నీ ఒకేసారి తీసేశాం. విమానం దిగింది.

#6 కట్టమంచి_చెరువుగట్టు

ఎదురుచూసింది అన్న మాట బాగా తగిలింది సార్. అయితే మాల లేని రోజుల్లో ఈ ఏర్పాటు ఎవురు చేస్తారు?

#7 స్వర్ణముఖి_గట్టు

మనమే చేసుకోవాలి, కాగితం మీద. మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టే పని ఇది. ఖర్చు ఒక తెల్లకాగితం, ఒక రబ్బరుబ్యాండు.

కాగితాన్ని పెట్టె చుట్టూ చుట్టి బ్యాండు వేయండి. ఒకటి తీయాలంటే ముందు బ్యాండు విప్పాలి. తీసే ముందు నాలుగు సంగతులు రాయాలి: టైము, చోటు, ఎంత గట్టిగా కావాలనిపించింది (10కి ఎన్ని), ఇది ఏ పని కోసం. మూడు రోజులు చాలు, అందులో ఒకటి సెలవు రోజై ఉండాలి. ఈ మూడు రోజులూ తగ్గించే ప్రయత్నం చేయొద్దు, లెక్క అబద్ధమవుతుంది. తాగినాక రాస్తాం అనుకుంటే పనికిరాదు, "ఏ పని కోసం" అన్నది తాగినాక గుర్తుండదు.

రోజుకు పన్నెండు అనుకుందాం. కాగితంలో కొన్ని వరుసలు ఇట్లా వస్తాయి. 6.10, ఇంటి వెనక, 9, కళ్లు తెరుచుకునేదానికి. 6.40, కడుపు కదలడానికి. 11.20, ఆఫీసు మెట్ల కింద, 7, పైవాడు అరిచినాక బయటికి రావడానికి. 1.45, అన్నం తిన్నాక, 8, భోజనం "అయింది" అనిపించేదానికి. 4.30, టీ బంకు, 5, నలుగురితో నిలబడేదానికి. 6 గంటలకు బస్టాండులో బస్సు రాక, 3. రాత్రి 10.15, మిద్దె మీద ఒంటరిగా, 6, "ఇది ఒక్కటే నా టైము."

ఇప్పుడు తెలుస్తుంది, పన్నెండింటికీ ఒకే మందు లేదని. 6.10ది నిజంగా శరీరం అడిగేది, దానికి గమ్‌ కావాలి, మందుల అన్న చెప్తారు. 6.40దానికి రెండు గ్లాసుల వేడినీళ్లు, రాత్రి ఒక పండు. మానినాక కొన్ని వారాలు మలబద్ధకం వస్తుంది, ముందే తెలిస్తే భయం ఉండదు. 11.20లో కావాల్సింది పొగ కాదు, ఐదు నిమిషాలు ఆ గదిలో లేకపోవడం. ఆ ఐదు నిమిషాలు ఉంచుకోండి, అదే మెట్లు దిగండి, ఇంకో పక్కకు నడవండి. 1.45కి ఎంగిలి చేయి కడిగిన వెంటనే సోంపు, లవంగం. గుర్తుంచుకోండి, లేవకుండా విస్తరి ముందరే కూర్చున్న ప్రతి నిమిషం కోరిక పెరుగుతుంది.

మిద్దె మీద రాత్రిదాన్ని చిన్నది అనుకోవద్దు. 6 మార్కులే వేసినా ఎక్కువమంది జారేది అక్కడే. రోజంతా ఎవరికోసమో బతికిన మనిషి తనకోసం దాచుకున్న పది నిమిషాలు అవి. సిగరెట్టు తీసేసి పది నిమిషాలు కూడా తీసేస్తే లోపలి మనిషి తిరగబడతాడు, తిరగబడడం న్యాయమే. ఇంట్లో చెప్పి ఆ పది నిమిషాలు నిలుపుకోండి. కుర్చీ రోజూ వేసే చోట కాకుండా ఇంకోపక్క వేయండి, చేతిలో మజ్జిగ గ్లాసో, వేయించిన శనక్కాయలో పెట్టుకోండి. చేతికి పని ఉండాలి, పొట్టు ఒలుచుకునేదైతే ఇంకా మంచిది.

3, 4 మార్కులవి అసలు కోరికలే కాదు, చేయి అలవాటు. మొదటి రోజే పోతాయి.

#8 గిరింపేట_వీధి

చాలా ఉపయోగంగా ఉంది. ఇంట్లోవాళ్లు ఏమనాలో కూడా చెప్పండి. ఊరుకుంటే పట్టించుకోనట్టు, చెప్తే కొట్లాట. మగవాళ్లు ఎక్కువ తాగేది కొట్లాట తర్వాతే అని చాలామంది ఆడవాళ్ల అనుభవం.

#9 మనసు_పని

అక్కా, ఆ కొట్లాట ఎట్లా నడుస్తుందో చూడండి.

"డాక్టరు చెప్పినా వినరు. ఎందుకు మానరు?"
"పొద్దుగూకులూ నేను పడేది నీకేం తెలుసు? అది కూడా లేకపోతే నేను ఉండలేను."

లోపల రెండు మనసులు ఉన్నాయన్నాం కదా. ఇంట్లోవాళ్లు మానాలనే పక్షాన వాదించేస్తే, అతనికి మిగిలింది రెండో పక్షమే. దాని తరఫున తన నోటితో తానే వాదిస్తాడు. మనిషి తన నోటి మాటను తానే ఎక్కువ నమ్ముతాడు. రోజూ వాదిస్తే రోజూ సిగరెట్టు పక్షం బలపడుతుంది, మనమే బలపరిచినట్టు. విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1983లో రాసి, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచిన సలహా పద్ధతి అంతా ఈ ఒక్క గమనింపు మీద నిలబడింది: మానాల్సిన కారణాలు అతని నోటి నుంచే రావాలి.

రెండు ప్రశ్నలు చాలు. కోపం లేనప్పుడు, ఒకసారే అడగాలి.

"మానడం మీకు ఎంత ముఖ్యం, పదికి ఎన్ని వేస్తారు?"
"ఆరు."
"ఆరా. రెండో మూడో ఎందుకు వేయలేదు?"

ఇక్కడ "పది ఎందుకు కాదు" అని మాత్రం అడగొద్దు. అట్లా అడిగితే తాగడానికి కారణాలు చెప్తాడు. "రెండు ఎందుకు కాదు" అంటే మానడానికి కారణాలు చెప్పక తప్పదు. "పాపను ఎత్తుకుంటే వాసన అని మొహం తిప్పేసుకుంటాది" అంటాడు. ఆ మాట తర్వాత మీరు ఏమీ అనొద్దు. ఆ నిశ్శబ్దం ముఖ్యం.

"మానగలనని నమ్మకం ఎంత?"
"మూడు."
"అది ఐదు కావాలంటే ఏముండాలి?"
"అన్నం తిన్నాక పది నిమిషాలు నన్ను ఎవరూ కదిలించకుండా ఉంటే..."

ముఖ్యం ఆరు, నమ్మకం మూడు అయితే ఆ మనిషికి భయపెట్టే బొమ్మలు చూపడం వల్ల లాభం లేదు. అతనికి కావాల్సింది దారి. ముఖ్యమే రెండైతే తేదీ పెట్టించొద్దు, స్వర్ణముఖి గారి కాగితం దగ్గరే ఆగండి. మొదటి వారంలో విసుక్కుంటే అది మీ మీద కాదు, 2, 3 రోజుల లెక్క ఉంది. ఆ నాలుగు రోజులు పెళ్లిళ్లు, డబ్బు లెక్కలు, చుట్టాల పంచాయితీలు వాయిదా వేయండి.

#10 మందుల_చీటీ

గమ్ సంగతి. వాడినవాళ్లలో చాలామంది "పనిచేయలేదు, గొంతు మండింది, ఎక్కిళ్లు వచ్చినాయి" అంటారు. పనిచేయలేదు అనేవాళ్లను నమిలి చూపించమంటే, బబుల్‌గమ్ నమిలినట్టు గబగబా నములుతారు. నికోటిన్ అంతా లాలాజలంతో కడుపులోకి పోతుంది. అక్కడ అది మెదడుకు చేరే లోపలే కాలేయం విరగ్గొట్టేస్తుంది, మిగిలేది మంట.

సరైన తీరు ఇది. నెమ్మదిగా పది, పదిహేను సార్లు నమలండి. మిరియం కొరికినట్టు ఘాటు, చిగుళ్లలో జివ్వుమనడం తెలుస్తుంది. అక్కడ ఆపేయాలి. చెంపకు, చిగురుకు మధ్య నొక్కి పెట్టి వదిలేయండి. ఒకటి రెండు నిమిషాలకు ఘాటు పోతుంది. మళ్లీ నాలుగైదు సార్లు నమిలి, ఈసారి ఇంకో చెంపలో. ఇట్లా 30 నిమిషాలు, తర్వాత ఉమ్మేయండి. నోటి చర్మం గుండా పోయే నికోటిన్ నిదానంగా పోతుంది, సిగరెట్టు దెబ్బ ఉండదు. కాబట్టి కోరిక లేచినాక కాదు, లేచే వేళకు 15 నిమిషాల ముందు పెట్టుకోవాలి. 11.20 అని కాగితం చెప్తే 11.05కి.

గమ్‌కు 15 నిమిషాల ముందు, నోట్లో ఉన్నంతసేపు టీ, కాఫీ, నిమ్మసోడా, కూల్‌డ్రింకు ఏదీ వద్దు. ఆమ్లం ఉంటే నోటి చర్మం గుండా నికోటిన్ పోదు. బంకు కాడ టీతో పాటు నమిలినోడికి "పనిచేయలేదు" అనిపించేది ఇందుకే.

లేచిన 30 నిమిషాల్లోపు మొదటిది తాగేవాళ్లకు 4 మిల్లీగ్రాములు, ఆ తర్వాతైతే 2. మన దగ్గర 2 చీటీ లేకుండా దొరుకుతుంది, 4కు డాక్టరు చీటీ కావాలి. తొలి 6 వారాలు గంట, రెండు గంటలకు ఒకటి, రోజుకు కనీసం 9. తర్వాత 3 వారాలు 2 నుంచి 4 గంటలకు, ఆపై 3 వారాలు 4 నుంచి 8 గంటలకు. తక్కువ వాడడమే ఎక్కువమంది చేసే తప్పు. రోజుకు రెండు నమిలి, నాలుగో రోజుకు సిగరెట్టు పట్టుకుంటారు.

పది కంటే ఎక్కువ తాగేవాళ్లకు ప్యాచ్ 21 మిల్లీగ్రాములు 6 వారాలు, 14 రెండు వారాలు, 7 రెండు వారాలు. రోజుకొక చోట, వెంట్రుకలు లేని చర్మం మీద. ప్యాచ్ మీద అవసరమైనప్పుడు గమ్ కలిపితే ఒక్కటే వాడినదాని కంటే బాగా పనిచేస్తుంది. పొగ మానేదానికి వాడే వారెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు డాక్టరు చూసి ఇచ్చేవి. మూర్ఛ ఉన్నవాళ్లకు బుప్రోపియాన్ పనికిరాదు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గుట్కా వల్ల నోరు తెరుచుకోనివాళ్లు ఏదైనా సరే డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి.

సిగరెట్టు పెట్టె మీదే మానేదానికి సాయం చేసే 1800-11-2356 అని నంబరు ఉంటుంది, ఉచితం. తెలుగులో మాట్లాడమని అడగండి.

#11 రేణిగుంట_జంక్షన్

రోజుకు ఒకటి చొప్పున తగ్గించుకుంటా పోవడం మంచిదా, ఒకేసారా? ఇంకోటి, బీడీకి మారితే నష్టం తక్కువంటారు, నిజమేనా?

#12 స్వర్ణముఖి_గట్టు

బీడీ మాట ముందు: కాదు. తునికాకు గుండా గాలి ఆడదు, ఆరిపోకుండా గట్టిగా, తరచుగా లాగాలి. పొగాకు తక్కువైనా నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ తక్కువేమీ పోవు.

తగ్గించుకుంటా పోయేదానికీ ఒకేసారికీ పోలిక 2016లో ఇంగ్లండులో సుమారు 700 మంది మీద చూశారు. 4 వారాలకు ఒకేసారి ఆపినవాళ్లలో 49 శాతం, రెండు వారాలు తగ్గించి ఆపినవాళ్లలో 39 శాతం నిలబడ్డారు. కారణం ఊహించడం కష్టం కాదు. పన్నెండు నాలుగైతే ఆ నాలుగూ బంగారమవుతాయి. ఒక్కో దాన్ని చివరిదాకా లోతుగా లాగుతారు, రోజంతా తర్వాతి దానికోసం గడియారం చూస్తారు. మనసు_పని గారు చెప్పిన పంచాయితీ ఇంకా పెరుగుతుంది. తగ్గించేదైతే రెండు వారాలకు మించొద్దు, ఆఖరి తేదీ ముందే రాసుకుని ఉండాలి.

#13 అలిపిరి_మెట్టు

తేదీకి మన ఊళ్లో ఒక మంచి వీలుంది. తిరుమల కొండ మీద పొగాకు నిషేధం, అలిపిరి తనిఖీలోనే తీసేసుకుంటారు. తేదీ పెట్టుకుని ఆ పొద్దున బయలుదేరి రెండు రాత్రులు పైన ఉండేటట్టు గది, దర్శనం చూసుకుంటే, కష్టమైన 2, 3 రోజులు అక్కడే గడిచిపోతాయి. తాగే వీల్లేని చోట కోరిక తక్కువ అన్నది పైన చెప్పినారు కదా. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం 3,550 మెట్లు ఎక్కే పట్టుదల పెట్టుకోవద్దు, బస్సులో పోయినా తేదీ తేదీనే.

పొరపాటు జరిగేది దిగేటప్పుడు. అలిపిరి దాటగానే మొదటి బంకు. అందుకే దిగే బస్సు ఎక్కే ముందే ఎవరు ఎదురు రావాలో, నేరుగా యాడికి పోవాలో ఖాయం చేసుకోండి. పోయే ముందే ఇంట్లో పెట్టెలు, లైటర్లు, బండి డిక్కీలో దాచిన ఒకటి, అన్నీ నీళ్లలో వేసి పారేయాలి. చెత్తబుట్టలో వేస్తే రాత్రి పదకొండుకు వెతుకుతారు.

బంకు కాడ చెప్పే మాట గురించి కూడా. "మానేసినా" అంటే ఎదుటోడు "ఎప్పుడబ్బా? ఒకటి పర్లేదులే" అని మొదలుపెడతాడు, ప్రశ్న మళ్లీ తెరుచుకుంటుంది. ఎప్పుడూ తాగనివాళ్లు ఏమంటారో గమనించండి: "అలవాటు లేదు." అదే అనండి. మొదట నోటికి కొత్తగా ఉంటుంది. ఇంట్లో పది సార్లు పైకి అని చూసుకుని పోండి.

#14 మనసు_పని

అలిపిరి అన్న మాటకు ఒకటి కలుపుతాను. కోరిక లేచినప్పుడు దాంతో వాదించొద్దు, కొట్లాడొద్దు, ఒంట్లో ఎక్కడుందో చూడండి. గొంతు కింద బిగుతు, నోట్లో నీరు, చొక్కా జేబు మీదకు పోయే చేయి. దానికి పదికి ఎన్ని మార్కులో వేసి గడియారం చూడండి. మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఎక్కి దిగుతుంది. దిగడం కళ్లారా చూసినవాడికి తర్వాతిదానికి భయం తగ్గుతుంది.

ఇక జారినప్పుడు. ఒకటి తాగేశారు. అప్పుడు లోపల రెండు మాటలు వస్తాయి: "అయిపోయింది, నా వల్ల కాదు", "ఎట్లాగూ తప్పింది, ఈరోజుకు కానీ". తాగిన ఒక్కటి కంటే ఈ రెండు మాటలే పెట్టెడు తాగిస్తాయి. అలన్ మార్లట్ అనే మనస్తత్వవేత్త జీవితమంతా ఈ జారుడు మీదే పనిచేశాడు. ఆ గంటలో చేయాల్సినవి: సగం ఉన్నా ఆర్పేయండి, పెట్టె కొనొద్దు, ప్యాచ్ తీయొద్దు, గమ్ ఆపొద్దు, ఒక మనిషికి ఫోను చేసి చెప్పండి. లెక్క మొదటి రోజుకు తిప్పొద్దు. 23 రోజుల్లో ఒకటి తాగారంటే 22 రోజులు నిలబడ్డారని రాసుకోండి, పక్కనే ఎక్కడ, ఎవరితో, ఏ పని కోసం అన్నది కూడా.

దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బతకాలని లేదనిపిస్తే, 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు)కు ఫోను చేయండి, లేదా పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి పోండి. అది వేరే జబ్బు కావచ్చు, దానికి చికిత్స ఉంది.

#15 పుత్తూరు_మగ్గం

అందరికీ నమస్కారం. ఇది తాళంచెవి దొరికినట్టు ఉండాది. ఆఖరుగా ఒకటి. ఇప్పుడు మాలలో ఉన్నోళ్లు చాలామంది ఉండారు. మాల తీసే రోజుకు ఏం సిద్ధం చేసుకోవాలి? ఆ రోజు నుంచి గమ్ మొదలుపెట్టాలా?

#16 మందుల_చీటీ

గమ్ వద్దు. 41 రోజులుగా నికోటిన్ లేని ఒంటికి మళ్లీ ఎందుకు పరిచయం చేయాలి. కాఫీ తగ్గించి ఉంటే ఆ లెక్కలోనే ఉండండి.

#17 మనసు_పని

మాల తీయడానికి కనీసం వారం ముందు, మెడలో ఉండగానే, పొగ ముట్టనని గడువు లేని ఇంకో మాట ఇచ్చుకోవాలి. మాల పోయినా పొద్దుటి చన్నీళ్ల స్నానం, సాయంత్రం అరగంట భజన అట్లాగే ఉంచండి. కనీసం ఇంకో ఆరు వారాలు. గ్రాహకాల లెక్క కూడా అప్పటికి పూర్తవుతుంది. ఆ ఆరు వారాలు మద్యం సావాసం వద్దు.

ఆ సాయంత్రం 4 నుంచి 9 దాకా గంట గంటకూ ఎవరితో ఉంటారో రాసుకోండి. బంకు మీదుగా పోయే దారి వద్దు. గుంపులో ఇంకో ఇద్దరు స్వాములు ఇదే మాట మీద ఉంటే ముగ్గురూ ఆ రాత్రి కలిసే అన్నం తినండి. గురుస్వామికి ముందే చెప్పి పెట్టండి, మాల తీసేటప్పుడు ఆయన నోటితో, అందరి ముందర, "మాల తీసినా పొగ మానిన నియమం మాత్రం తీసేది లేదు స్వామీ" అని ఒక్క మాట అనమని.

#18 కట్టమంచి_చెరువుగట్టు

మా వీధి గురుస్వామికి ఈరోజే చెప్తా.